ఉలవచేనుకు పట్టిన బుడిపెల రోగం

నల్లమల కొండలు దిగి నేల కాస్త చదునైనచోట, ఎప్పుడో కార్చిచ్చుకు చెట్లన్నీ కాలిపోగా మిగిలిన ఎర్రమట్టి బయలు ఒకటుంది. అక్కడ రాళ్లు తప్ప ఇంకేమీ మొలవవని అడవంతా గట్టి నమ్మకం. ఆ బయలులో చేను వేద్దామని ఒక దుప్పి అన్నప్పుడు అడవి నవ్విన నవ్వుకు పిట్టలు గూళ్లు వదిలి లేచిపోయాయి. నవ్వరా మరి? పుట్టినప్పటి నుంచీ మొలిచినదాన్ని మేయడమే తప్ప మొలిపించడం ఎరగని జాతి, సేద్యం చేస్తానంటోంది!

ఆ మాటన్నది ఓబులమ్మ. ఒంటినిండా తెల్లచుక్కలు, చూలు మీద ఉంది. ఆమెకు మాత్రం నవ్వు రాలేదు. పోయిన ఎండాకాలం గడ్డి మాడిపోయి, మందంతా కలిసి ఊరివాళ్ల శనక్కాయ చేనులో పడింది. కుక్కలు తరిమాయి, కంచె తీగలు కాల్చాయి. వెళ్లినవాళ్లు తొమ్మిదిమంది, తిరిగొచ్చినవాళ్లు ఏడుగురు. రానివాళ్లలో ఓబులమ్మ అక్క ఉంది. పుట్టబోయే బిడ్డ ఆ కంచె మొహం చూడకూడదని ఓబులమ్మ ఆ రోజే ఒట్టు పెట్టుకుంది.

మందకు పెద్ద సుంకన్న. ఓబులమ్మకు బావ. నెత్తిన మూరెడు కొమ్ములు, వాటిమీద మూరెడు గర్వం.

"సేద్యమంటే మాటలనుకున్నావా మే?" అన్నాడు. "నాగలి ఉందా? ఇత్తనాలుండాయా? కూలోళ్లుండారా? ఒట్టి కాళ్లు నాలుగు పెట్టుకుని చేను చేస్తావా?"

"తెలిసినోళ్లను అడుగుదాం బావా. లింగయ్య తాత ఉండాడు కదా."

లింగయ్య ఒంటికొమ్ము ఎద్దు. పద్నాలుగేళ్లు అరక లాగి, ఇంట్లోకి ట్రాక్టరు వచ్చాక అడవి అంచున వదిలేయబడినవాడు. ఎవరేమడిగినా నెమరు పూర్తయ్యేదాకా జవాబు చెప్పడు. మందంతా వచ్చి చుట్టూ నిలబడితే, తీరిగ్గా నమిలి, మింగి, అప్పుడు అడిగాడు.

"పెట్టుబడి ఏముంది మీ కాడ?"

"ఏమీ లేదు తాతా," అంది ఓబులమ్మ.

"అట్లయితే ఉలవలే. నీళ్లడగదు, ఎరువడగదు, మంచి నేల కావాలని అలగదు. ఒక్క వాన పడితే చాలు, రాళ్లలోనైనా లేస్తాది. నాలుగు అలసందలు కూడా కలిస్తే మీ పిల్లతల్లులకు పాలు పొంగుతాయి."

"మరి దున్నేదెవరు?" అన్నాడు సుంకన్న.

"దున్నేది ఎందుకప్పా? పైపైన గీకితే చాలు. గోళ్లున్నోణ్ని ఎవరినైనా పట్టుకోండి."

గోళ్లున్నవాడు ముళ్లపంది మద్దిలేటి. ఊరికే ఎవరికీ పని చేసే రకం కాదు. అయితే అతనికొక బలహీనత ఉంది. దుప్పుల కొమ్ములు రాలి కిందపడితే, పళ్లకు మంచిదని వాటిని కరకరా నమిలేస్తాడు. ఓబులమ్మ అడవంతా తిరిగి, పొదల్లో పడి ఉన్న పాత కొమ్ములన్నీ ఏరుకొచ్చి అతని ముందు కుప్ప పోసింది. మద్దిలేటి కళ్లు మెరిశాయి. నాలుగు రోజుల్లో బయలంతా గీకి పెట్టాడు. గీకుతున్నంతసేపూ చూపు మాత్రం సుంకన్న నెత్తి మీదే.

"అన్నా, అవి ఎప్పుడు రాలతాయి?"

"నా నెత్తి పక్క చూడొద్దు."

"అడిగితే తప్పేముందన్నా? తాజాగా ఉంటే ఆ రుచే వేరు."

సుంకన్న ఆ నాలుగు రోజులూ మద్దిలేటికి వీపు తిప్పి పడుకోలేదు.

ఇక విత్తనాలు. ఊరి కళ్లం పక్కన పోయినేటి ఉలవపొట్టు కుప్ప ఉందని, తూర్పారబట్టేటప్పుడు పొట్టుతోపాటు మంచి గింజలు కూడా కొన్ని ఎగిరి అందులో పడతాయని లింగయ్య చెప్పాడు. అలసందలు నూర్చింది కూడా అక్కడేనట. కానీ పొట్టు మోసుకురావడానికి గోనెసంచి ఏది? సంచి ఉన్నా పట్టుకునే చేతులేవి?

"ఒళ్లు ఉంది కదా," అంది ఓబులమ్మ.

తెల్లారగట్ల మందంతా వాగులో మునిగింది. తడి ఒంటితో పరుగున పోయి పొట్టుకుప్పలో పొర్లింది. దుప్పి ఏదో కుప్ప ఏదో తెలియకుండా అయింది. ఊరు లేవకముందే వెనక్కి పరుగు. బయలులోకి రాగానే ఓబులమ్మ "ఊఁ!" అంది. ఏడు దుప్పులూ ఒక్కసారిగా ఒళ్లు దులుపుకున్నాయి. పొట్టు, గింజలు, వాగునీళ్లు, రెండు పీతలు, అన్నీ నేలమీద పడ్డాయి. అదే విత్తనం చల్లడం. అంతకుముందు దారిలో కంజుపిట్ట ఒకటి బుర్రుమని లేస్తే బెదిరిన రెండు దుప్పులు తొందరపడి సగం పొట్టు బాట మీదే దులిపేశాయి. ఆ ఏడు ఆ బాట కూడా పచ్చగా మొలిచింది.

మూడోనాడు వాన పడింది. వారానికల్లా రాళ్ల సందుల్లోంచి లేత ఆకులు తలెత్తాయి. ఓబులమ్మ గట్టున నిలబడి చూస్తూ ఏడ్చింది, నవ్వింది, మళ్లీ ఏడ్చింది. అప్పటిదాకా ఎగతాళి చేసిన అడవి నోరు మూసుకుంది. దుప్పుల నోళ్లు మాత్రం మూతపడలేదు, నోరూరి చొంగలు కారుతున్నాయి.

"ఇప్పుడు మేసినారంటే చేను ముగిసినట్లే," అన్నాడు లింగయ్య. "పూత వచ్చేదాకా ఒక్క ఆకు ముట్టొద్దు."

"పూత ఎప్పుడొస్తాది?"

"నెలన్నర."

సుంకన్న కళ్లు తేలేశాడు. "నెలన్నరా! కళ్ల ముందర పెట్టుకునా!"

"మాకు అరకకు కట్టేటప్పుడు మూతికి చిక్కం వేసేవాళ్లు. పైరు మధ్యన పోతున్నా నోరు పెట్టేదానికి కుదరదు. మీరూ వేసుకోండి."

చిక్కం అల్లాలంటే చేతులుండాలి. అడవిలో చేతులున్నది కొండముచ్చులకే. అప్పుడే కథలోకి దిగాడు తిమ్మప్ప.

తిమ్మప్ప కొండముచ్చుల గుంపుకు పెద్ద. ఊరి బడి ఆవరణలో రైతులకు ఎవరో సారు పైర్ల తెగుళ్ల గురించి చెబుతుంటే, చెట్టు మీద కూర్చుని రెండు మధ్యాహ్నాలు విన్నాడు. అందులో ఒక మధ్యాహ్నం నిద్రపోయాడు. అప్పటి నుంచీ అతను డాక్టరు. డాక్టరని పిలవకపోతే పలకడు.

"డాక్టరన్నా, ఏడు చిక్కాలు అల్లిపెట్టాలి. కూలి ఏం తీసుకుంటావు?" అని అడిగింది ఓబులమ్మ.

"కూలా? ఛ, ఛ! సేవమ్మా, సేవ!" అన్నాడు తిమ్మప్ప. అంటూనే చేను వైపు చూశాడు. ఉలవ మొక్కల మధ్య అలసంద తీగలు అక్కడక్కడా పాకుతున్నాయి. లేత అలసంద కాయ పటుక్కున విరిగే చప్పుడు అతని చెవుల్లో అప్పుడే వినిపించింది. పచ్చి తీగలు తెచ్చి, ఏడు చిక్కాలు ఒక్క పూటలో అల్లేశాడు.

మూతులకు బుట్టలు వేలాడేసుకుని దుప్పులు తిరుగుతుంటే అడవికి కొత్త వేడుకైంది. చేను దాటి పోయి గడ్డి మేసేటప్పుడు కొండముచ్చులు విప్పడం, తిరిగొచ్చేటప్పుడు కట్టడం. సుంకన్నకైతే చిక్కం సరిపోలేదు, ముక్కు మీద జారి కళ్లకు అడ్డం పడి రెండుసార్లు మోదుగచెట్టును గుద్దుకున్నాడు. రెండోసారి గుద్దుకున్నప్పుడు పాపం కొమ్ములు రెండూ ఊడి కిందపడ్డాయి. ఎలాగూ రాలే రోజులే అవి. మద్దిలేటి ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో గానీ, రెండో కొమ్ము నేల తాకకముందే మొదటిదాన్ని నమలడం మొదలుపెట్టాడు.

నెలన్నర గడిచింది. ఉలవ తీగల మీద లేతపసుపు పూలు, అలసంద మీద ఊదా పూలు. మోకాళ్లెత్తు పచ్చదనం. లింగయ్య వచ్చి చూసి, తల ఊపి, "రేపు పొద్దున మేయండి. పైన తుంచండి, వేరు పీకొద్దు. తుంచితే పక్కన మళ్లీ చిగురేస్తాది," అని వెళ్లిపోయాడు.

ఆ మాట తిమ్మప్ప చెవిన పడింది. పూత మీద మేసేస్తే ఇక కాయ ఎక్కడిది? సేవ అంతా మట్టిపాలు! ఇంకో మూడు వారాలు ఈ దుప్పుల్ని ఆపగలిగితే కాయలన్నీ తనవే.

మర్నాడు పొద్దున్నే చిక్కాలు విప్పారు. దుప్పులు వరసలో నిలబడ్డాయి. సుంకన్న మొదటి మేత మేయడానికి మెడ వంచాడు.

"ఆగండి!"

తిమ్మప్ప చెట్టు మీంచి చేను మధ్యలోకి దూకాడు. ఒక మొక్కను వేరుతో సహా పీకి పైకెత్తి చూపించాడు. వేళ్ల నిండా సన్నసన్నని బుడిపెలు, ఆవగింజలంత కొన్ని, మిరియాలంత కొన్ని.

"చూడండప్పా, చూడండి! బుడిపెల రోగం! ఇది తిన్నోళ్లకు ఒళ్లంతా ఇట్లనే లేస్తాది. పెద్ద పెద్ద పుస్తకాల్లో కూడా లేని రోగం ఇది!"

ఆ బుడిపెలు ఏమిటో తిమ్మప్పకూ తెలియదు. అవి చెప్పిన మధ్యాహ్నం అతను నిద్రపోయాడు.

మందంతా నాలుగడుగులు వెనక్కి వేసింది. అంతలో సుంకన్న పెద్ద కేక పెట్టాడు. కొమ్ములు రాలినచోట, నెత్తిన రెండు పక్కలా మెత్తగా, నూగుగా రెండు బుడిపెలు!

"నాకప్పుడే పట్టింది!"

"బావా, అవి నీ కొత్త కొమ్ములు! ఏటేటా వచ్చేవే కదా!"

"ఏటేటా వచ్చేవి వేరే మే! ఇవి దురద పెడతాండాయి!"

"ఏటేటా దురద పెట్టిందనే కదా చెట్లకు రుద్దుకుంటావు!"

"నీకేం తెలుసు, నీకు కొమ్ములున్నాయా?" అన్నాడు సుంకన్న, ఏడుపు గొంతుతో.

ఇక ఎవరు ఆపితే ఆగుతారు? ఒకరి ఒళ్లు ఒకరు మూతులతో తడుముకున్నారు. మోకాలి చిప్ప కూడా బుడిపెలాగే తోచింది. తిమ్మప్ప గొంతు సవరించుకున్నాడు.

"భయపడొద్దు. మూడు వారాలు ఎవరూ చేను ఛాయలకు రావద్దు. నేను, మావాళ్లు ప్రాణాలకు తెగించి ఆ రోగపు కాయలన్నీ కోసి పారేస్తాం. కాయతోపాటు రోగం పోతాది."

"అట్లయితే అంతదాకా ఏం తినాలి? గడ్డి ఎండిపాయె," అన్నాడు సుంకన్న. తరవాత తనే జవాబు చెప్పుకున్నాడు. "రేపు శనక్కాయ చేనుకు పోదాం."

ఓబులమ్మకు అక్క గుర్తొచ్చింది. కడుపులో బిడ్డ కదిలింది. తిమ్మప్ప పారేసిన మొక్కను నోట కరుచుకుని అడవి అంచుకు పరుగు తీసింది.

లింగయ్య ఆ వేరు చూశాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. నెమరేయడం ఆపకుండానే నవ్వడం మొదలుపెట్టాడు. పద్నాలుగేళ్ల చాకిరీలో నవ్వనంత నవ్వు ఒక్కసారే వచ్చి, నోట్లోది బయటపడింది.

"రోగమా! అది రోగం కాదు తల్లీ, పైరుకు వంటిల్లు! గాలిలోని సత్తువ పట్టుకుని ఆ బుడిపెల్లోనే ఎరువు వండుకుంటాది. అందుకే ఉలవకు ఎరువు అక్కర్లేదంటిని. మా రైతు వేరు పీకి, బుడిపె గోటితో చిదిమి చూసేవాడు. లోపల ఎర్రగుంటే మీసం దువ్వేవాడు."

ఓబులమ్మ ఒక బుడిపెను పంటితో నొక్కింది. లోపల లేత ఎరుపు.

"ఎంత ఎర్రగుంటే అంత మంచిది. ఇదొక్క ఏడు కాదు, వచ్చే ఏటికి కూడా ఆ నేలకు బలం. పోయి మీవాళ్లకు చెప్పు."

ఓబులమ్మ తిరిగి బయల్దేరింది. దారంతా ఆలోచనే. చెబితే నమ్ముతారా? డాక్టరు ఒక పక్క, ముసలి ఎద్దు మాట ఒక పక్క. పైగా బావ నెత్తిన రెండు బుడిపెలు సాక్ష్యం! రోగం లేదని ఎంత మొత్తుకున్నా భయం పోదు. మరి రోగం ఉందని ఒప్పుకుంటే? ఆ మాట తట్టగానే ఓబులమ్మకు ఒక్కసారిగా నవ్వొచ్చింది. ఒక పొద వెనక నేలమీద పొర్లి నవ్వి, నవ్వి, మొహం ఆకులకు రుద్దుకుని, ఏడుపు మొహం పెట్టుకుని చేను దగ్గరికి వచ్చింది.

మందంతా దిగాలుగా కూర్చుని ఉంది. చెట్ల మీద కొండముచ్చుల గుంపు మొత్తం దిగి ఉంది, కాయలు ఎన్ని రోజుల్లో ముదురుతాయో మాట్లాడుకుంటూ.

"డాక్టరన్నా, నువ్వు చెప్పిందంతా నిజమంట!" అంది ఓబులమ్మ.

తిమ్మప్ప ఛాతీ ఉబ్బింది. "నేను చెప్పలే?"

"బుడిపెల రోగం యమా చెడ్డదంట. తాత వాళ్ల ఊర్లో చూసినాడంట. కాకపోతే ఒక్కటన్నా. నోటితో మేస్తే రాదంట. చేత్తో ముట్టుకుంటే వస్తాదంట."



దుప్పులు తమ కాళ్ల వైపు చూసుకున్నాయి. గిట్టలు. మద్దిలేటి గోళ్లు చూసుకుని, అవి చేతుల కిందికి వస్తాయో రావో తేలక పొదలోకి దూరాడు. తరవాత అందరి చూపులూ చెట్ల మీదికి పోయాయి. చెట్ల మీద కొండముచ్చులు తమ అరచేతులు చూసుకుంటున్నాయి.

అప్పుడు అందరూ తిమ్మప్ప చేయి చూశారు. వేళ్లకు ఇంకా ఎర్రమట్టి అంటుకునే ఉంది.

"అది... ఇది అట్లాంటి రోగం కాదు," అన్నాడు తిమ్మప్ప.

"మరి ఎట్లాంటిదన్నా? ఏ పుస్తకంలోనూ లేదంటివి కదా."

"అంటే... రోగమైతే రోగమే... కానీ..."

చెట్టు మీంచి తిమ్మప్ప పెళ్లాం ఈరమ్మ గుండెలు బాదుకుంది. "ఓయబ్బో! ఆ చేత్తోనే కదా పొద్దున నా తలలో పేన్లు చూసినావు! ఆ చేత్తోనే కదా పిల్లోళ్ల వీపులు గోకినావు!"

అంతే. చెట్లన్నీ ఊగిపోయాయి. ఒకరి తల ఒకరు గీరుకుని చూసుకునేవాళ్లు, బుడిపె కనపడితే అరిచేవాళ్లు, బుడిపె లేదని ఇంకా గట్టిగా అరిచేవాళ్లు. ఒక ముసలి కొండముచ్చు తన మోచేతి ఎముక చూపించి వీలునామా చెప్పడం మొదలుపెట్టాడు.

"మందు లేదామ్మే ఓబులమ్మా?" అని అడిగింది ఈరమ్మ, తల పట్టుకుని.

"ఉందక్కా. పథ్యం. ముట్టుకున్నోణ్ని బండ మీద వేపమండలు పరిచి కూచోబెట్టాలంట. చేతులకు ఆకులు చుట్టి కట్టాలంట. వేపాకు తప్ప ఇంకేమీ పెట్టకూడదంట. ఎన్ని రోజులంటావా, మన డాక్టరే చెప్పినాడు కదా, మూడు వారాలు. మిగతావాళ్లు చేను ముట్టకుంటే చాలు, ఏమీ కాదు."

పదిమంది కొండముచ్చులు కర్రలతో తోస్తూ తిమ్మప్పను బండ ఎక్కించారు. చేత్తో ముట్టుకునే ధైర్యం ఎవరికుంది? తుమికి ఆకులు చుట్టి, కళ్లు మూసుకుని, ముక్కు బిగపట్టుకుని, ఈరమ్మే అతని చేతులకు తీగలు బిగించి కట్టింది.

ఓబులమ్మ బండ దగ్గరికి పోయి, అతనికి మాత్రమే వినిపించేలా అంది. "రోగం లేదని ఒక్క మాట చెప్పన్నా. ఇప్పుడే విప్పిస్తా."

తిమ్మప్ప చుట్టూ చూశాడు. గుంపంతా అతన్నే చూస్తోంది. రోగం లేదంటే ఇక డాక్టరూ లేడు. మట్టిచేతుల తిమ్మడు ఒక్కడే మిగులుతాడు. మూతి బిగించి, వేపాకు వైపు నోరు తెరిచాడు.

ఆ పూట చేనులో పడిన దుప్పుల్ని చూడాలి! మేయడమా అది, పండగా? ఒక నోట పూలు, ఒక నోట తీగలు, ఒకరి మూతి మీద ఒకరి తోక. మేస్తూ ఎగిరేవాళ్లు, ఎగురుతూ మేసేవాళ్లు. సుంకన్న ఒక్కడే గట్టున కాసేపు తటపటాయించి, "నాకు ఎట్లాగూ పట్టింది కదా, ఇంక భయమేంది," అని దిగి, అందరికంటే రెండింతలు లాగించాడు. ఓబులమ్మ అరుస్తూనే ఉంది. "పైన తుంచండి! వేరు పీకొద్దు!" అరిచి అరిచి గొంతు పోయింది. నోటినిండా మేతతో అరిస్తే పోదూ!

ఈ మూలనుంచి ఆ మూలకు మేసుకుంటూ పోయేసరికి, మొదటి మూలలో మళ్లీ చిగురొచ్చింది. అలా మూడు వారాలు, చివరి చిగురు దాకా తిరిగారు. మూడో వారంలో ఓబులమ్మకు బిడ్డ పుట్టింది. ఒంటినిండా చుక్కలు, కాళ్లు నిలబడకముందే గెంతులు. తల్లికి పాలు పొంగి నేలమీద కారాయి. ఆ ఏడు ఊరివాళ్ల శనక్కాయ చేను వైపు ఒక్క గిట్ట కూడా పోలేదు. బిడ్డను నాకుతూ ఓబులమ్మ కంచె వైపు చూసింది. అక్క ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది. ఏడుపొచ్చింది. బిడ్డ పొట్టలో తలతో కుమ్మితే ఏడుపు మధ్యలోనే ఆగిపోయింది. సుంకన్న బుడిపెలేమో జానెడు కొమ్ములై లేచాయి. "నా రోగం తగ్గింది," అని అందరికీ చూపించుకున్నాడు.

మూడు వారాలూ నిండాయి. ఈరమ్మ కట్లు విప్పింది. బక్కచిక్కిపోయిన తిమ్మప్ప, నోరంతా చేదుతో, ఎవరితోనూ మాట్లాడకుండా చేనులోకి ఒక్క దూకు దూకాడు. అలసంద కాయ ఒక్కటి లేదు. పూత లేదు, ఆకు లేదు. మోకాళ్లెత్తు పైరున్నచోట బెత్తెడు మోళ్లు, వాటికింద ఎర్రమట్టి.

గట్టున ఓబులమ్మ, పక్కన పిల్ల, వెనక మందంతా.

"ఎంత కష్టపడినావు డాక్టరన్నా, నీ భాగం మేం మర్చిపోతామా?" అంది ఓబులమ్మ. "బుడిపె ఒక్కటి కూడా ముట్టలేదు. అన్నీ నీకే వదిలిపెట్టినాం. తవ్వుకో."

మందంతా పగలబడి నవ్వింది. ఆకలో, ఉక్రోషమో, తిమ్మప్ప వంగి ఒక మోడును పట్టుకున్నాడు. చెట్టు మీంచి ఈరమ్మ కేక కొండ దాకా వినిపించింది.

"మళ్లా ముట్టుకున్నాడు! ఎవరక్కడ, వేపమండలు తెండి! ఇంకో మూడు వారాలు!"

కాబట్టి లేని రోగం పుట్టించాలనుకునేవాళ్లు, దాని పథ్యం తామే ఉండాల్సి వస్తుందని ముందే తెలుసుకోవాలి.